గోకార్టు గృహప్రవేశం

వస్తువు కొనడం మగవాళ్ళ వంతు, దాన్ని బతికించడం ఆడవాళ్ళ వంతు అని ఏ ధర్మశాస్త్రంలోనూ రాసి లేదు. అయినా మన ఇళ్ళలో అలాగే జరిగిపోతూ వుంటుంది. ఆక్వేరియం తెచ్చిన రోజున ఇంటిల్లిపాదీ దాని చుట్టూ చేరి చేపలకు పేర్లు పెడతారు. మూడో వారం నీళ్ళు మార్చేదెవరంటే ఒక్కరూ పలకరు. వ్యాయామం సైకిలు మీద మొదటి నెల మనుషులు చెమటోడుస్తారు, రెండో నెల నుంచీ తువ్వాళ్ళు ఆరతాయి. కొన్ననాటి ముచ్చట కొన్ననాడే. ఆ తరవాత తుడుపూ, నూనే, రిపేరూ చూసుకోడానికి ఒక ప్రాణి కావాలి. ఆ ప్రాణి సాధారణంగా వంటింట్లో వుంటుంది.

మా ఇంటికి గోకార్టు వస్తోందని తెలిసినప్పుడు నాకు ముందుగా తోచింది ఇదే.

గోకార్టంటే తెలియనివారికి నాలుగు మాటలు చెబుతాను. ఇనప గొట్టాలతో అల్లిన చట్రం, అది నేలకు నాలుగు వేళ్ళెత్తున వుంటుంది. దాని మీద ఒక సీటు, నాలుగు పొట్టి చక్రాలు, వెనకాల ఓ చిన్న ఇంజను. తలుపుల్లేవు, పైకప్పు లేదు, స్ప్రింగులు అసలే లేవు. నేల మీద గులకరాయి వుంటే ఆ సంగతి మన నడుముకు తెలుస్తుంది. 1956లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ అనే ఆయన, పందెం కార్లు తయారుచేసే చోట పనిచేస్తూ, గడ్డి కోసే యంత్రానికని చేసిన చిన్న ఇంజనును ఇలాంటి చట్రానికి బిగించి మొదటి కార్టు తయారుచేశాడు. పొద్దస్తమానం పెద్ద బండ్ల మధ్య వుండే మనిషికి చిన్న బండి మీద మోజు పుట్టిందన్నమాట. శ్రీహరికోటలో కాపురముంటున్న నాకు ఇది వింతగా తోచలేదు. పగలంతా రాకెట్ల పని చేసి, సాయంత్రం ఇంటికొచ్చి బాగానే వున్న మిక్సీని విప్పుకుని కూర్చునే మహానుభావుల్ని ఇక్కడ ఎందర్నో చూశాను. అందులో మావారొకరు.

ఒక వేసవి సెలవుల్లో పిల్లలిద్దర్నీ తీసుకుని చెన్నై వెళ్ళాం. అక్కడ సముద్రం పక్క రోడ్డులో టిక్కెట్టు కొనుక్కుని కార్టు తోలే చోటుకి వెళ్ళాక, పదో తరగతి అబ్బాయి, ఎనిమిదో తరగతి అమ్మాయి ఇక వేరే లోకంలోకి వెళ్ళిపోయారు. తిరుగు ప్రయాణంలో మావారు లెక్క మొదలుపెట్టారు. "నెలకు రెండుసార్లు ఇద్దరికీ టిక్కెట్లు, రానూపోనూ పెట్రోలు, హోటలు భోజనం... రెండేళ్ళ ఖర్చుతో బండే వచ్చేస్తుందోయ్!" అన్నారు. లెక్క తప్పులేదు. కాని మేం నెలకు రెండుసార్లు చెన్నై ఎన్నడూ వెళ్ళిన పాపాన పోలేదు. మగవాళ్ళ పొదుపు లెక్కలన్నీ ఇంతే. చెయ్యని ఖర్చును ముందు చేసినట్టు రాసి, ఆ తరవాత మిగిలిస్తారు.

కొత్తది లక్షలతో పని. మన వైపు ఇంజనీరింగు కాలేజీల్లో మెకానికల్ చదివే పిల్లలు ఆఖరి సంవత్సరంలో గుంపుగా చేరి కార్టు తయారుచేస్తారు. పోటీలకు తీసుకెళతారు, ఫొటోలు దిగుతారు. చదువు పూర్తయ్యాక ఆ బండి వర్క్‌షాపు వెనక వేపచెట్టు కింద పడి వుంటుంది. అలాంటిదొకటి మావారి స్నేహితుడి కొడుకు వాళ్ళ జట్టు చేసింది, ముప్ఫై ఎనిమిది వేలకు ఇస్తామన్నారని తెలిసింది. చూసి రావడానికి నేనూ బయలుదేరాను. "నీకేం తెలుస్తుంది?" అని మావారు అడగలేదు గాని, ఆ చూపు చూశారు.

వంకాయలు కొనేటప్పుడు తొడిమె దగ్గర చూస్తాం కదా, అలాగే నేను అతుకుల దగ్గర చూశాను. సీటు కాళ్ళు చట్రానికి కలిసే చోట వెల్డింగు మీద సన్నని వెంట్రుకలాంటి గీత వుంటే అది పగులు. అలాంటి బండి వద్దు. వెనక భాగం ఎత్తి చక్రం చేత్తో తిప్పితే చప్పుడు లేకుండా తిరగాలి. తిరుగుతూ వంకరగా ఊగితే ఇరుసు వంగినట్టు. స్టీరింగు కదిలించగానే ముందు చక్రాలు కదలాలి, మధ్యలో సందేహించకూడదు. ఇవన్నీ మావారు ముందురోజు రాత్రి నాకు పాఠం చెప్పినవే. నేను సొంతంగా అడిగింది ఒక్కటే. "ఈ ఇంజను సామాను సూళ్లూరుపేటలో దొరుకుతుందా?" అది గేర్లు లేని మామూలు స్కూటరు ఇంజను. ఏ వీధిలోనైనా దొరుకుతుందన్నారు. పెళ్ళిసంబంధం చూసినా, గ్రైండరు కొన్నా అడగవలసిన ప్రశ్న ఇదేనండీ, రేపు ఏదైనా వస్తే పలికేవాళ్ళు దగ్గర్లో వున్నారా అని.

బేరం కుదిరింది. ట్రాలీ ఆటోలో పులికాట్ సరస్సు మీది రోడ్డంట బండి ఊరేగింపుగా వచ్చింది. మా అత్తగారు హారతి పళ్ళెంతో గుమ్మంలో నిలబడి, చూసి, "ఏందమ్మే ఇది? పైన టాపు లేదు, కింద ఎత్తు లేదు, నేలకంటుకోని వుండాది!" అన్నారు. దాని బరువు నూరు కిలోల పైమాటే. 1980 జూలై 18న ఇదే శ్రీహరికోట నుంచి ఎస్సెల్వీ-3 ఆకాశానికి మోసుకెళ్ళిన రోహిణి ఉపగ్రహం బరువు 35 కిలోలట. దేశం పరువు నిలబెట్టినదానికన్నా మూడింతల బరువున్న ఆటవస్తువును ఆ రోజు నలుగురం కలిసి వరండాలోకి ఎక్కించాం.

ఆ సాయంత్రం దాని వెనక పీట వేసుకుని కూర్చుని తీరిగ్గా చూశాను. అప్పుడు నా గుండె ఒక్కసారి ఝల్లుమంది.

ఎద్దుల బండికి ఇరుసు కదలదు, దాని చివర్లలో చక్రాలు మాత్రం తిరుగుతాయి. కార్టుకు అలా కాదు. వెనక ఇరుసే తిరుగుతుంది, దానికి బిగించిన రెండు చక్రాలూ దాంతోపాటు తిరుగుతాయి. ఆ ఇరుసు సీటుకు జానెడు వెనకాల, బొటనవేలికన్నా కాస్త లావున, ఏ మూతా లేకుండా బోడిగా వుంది. పక్కనే పళ్ళచక్రం, చెయిను. గంటకు నలభై కిలోమీటర్ల వేగంలో అది సెకనుకు పన్నెండు చుట్లు తిరుగుతుందని మావారు లెక్కగట్టి చెప్పారు. అంటే కళ్ళు మూసి తెరిచేలోగా గజం పొడవు దారాన్ని చుట్టేసుకుంటుంది. దారాన్ని చుట్టేది జడనెందుకు వదిలిపెడుతుంది?

ఇది నా పిరికితనం కాదు. 2018 ఫిబ్రవరిలో హర్యానాలోని పింజోరులో ఒక యువతి, 2020 అక్టోబరులో హైదరాబాదు శివార్లలో ఒక ఇంజనీరింగు విద్యార్థిని, సరదాకి కార్టు ఎక్కి, జుట్టు దాని చక్రాల్లో చిక్కుకుని ప్రాణాలు పోగొట్టుకున్నారు. మా అమ్మాయి జడ నడుము దాటి వుంటుంది. వాళ్ళ నాయనమ్మ ఆదివారం ఆదివారం కుంకుడుకాయ పులుసుతో తలంటి పెంచిన జడ అది. బండి తయారుచేసిన పిల్లలు నూటయిరవై పేజీల రిపోర్టు రాశారు. అందులో గాలి ఒత్తిడి దగ్గర్నుంచి సీటు వాలు దాకా లెక్కలున్నాయి. ఇరుసుకు మూత మాత్రం లేదు. ఆ జట్టులో అందరూ పొట్టి జుట్టు మగపిల్లలే. జడ వున్నవాళ్ళొకరు ఆ జట్టులో వుంటే ఆ మాట తప్పకుండా వచ్చేది.

ఇంట్లో సభ జరిగింది. "జుట్టు భుజాల దాకా కత్తిరిస్తే సరి," అన్నాడు అబ్బాయి. భుజాల దాకా జుట్టున్నా ప్రమాదమేనన్నాను. "అబ్బయ్య తోలుకుంటాడులే, ఆడపిల్లకెందుకమ్మే ఇయన్నీ?" అన్నారు అత్తగారు. అమ్మాయి ఒక్క మాటా అనకుండా జడ కొస పట్టుకుని నావైపు చూసింది. ఏదైనా కోల్పోవలసి వస్తే జుట్టో, సరదానో, ఆడపిల్లదే ఎందుకు పోవాలి? తప్పు ఇరుసుది. ఇరుసుకే ముసుగు వేద్దామన్నాను. ముసుగు వేసేదాకా ఎవరూ, అబ్బాయితో సహా, తాళం తిప్పరాదని శాసనం చేశాను.

సూళ్లూరుపేటలో ఒక వెల్డింగు షాపుకి బండి చేరింది. నేను చేతిసంచీలోంచి మా అత్తగారి పాత సవరం తీసేసరికి షాపతను కళ్ళద్దాలు పైకి నెట్టి, "ఏంది మేడం, సవరం తెచ్చినారు?" అన్నాడు. రేకు మూత చేశాక, ఇంజను ఆపేసి, చక్రం చేత్తో తిప్పుతూ, సవరాన్ని ప్రతి సందు దగ్గరా పట్టి చూస్తానని చెప్పాను. ముందు నవ్వాడు. మొదటి మూత బిగించాక నేను సవరం కొస చెయిను పక్కన వదిలితే, చక్రం అరచుట్టు తిరిగేలోగా అది గుటుక్కున లోపలికి పోయింది. అతని మొహంలో నవ్వు పోయింది. పక్కకు ఇంకో రేకు అతికాడు. రెండోసారి కింది నుంచి లాగింది. కింద జల్లెడలాంటి ఇనప వల బిగించాడు. మూడోసారి సవరం ఎక్కడ పెట్టినా దేనికీ అందలేదు. "నాకూ ఇద్దరు ఆడబిడ్డలుండారు మేడం," అని, మూడో రేకుకు డబ్బు తీసుకోలేదు. ఇప్పటికీ మా ఇంట్లో నియమం అదే. జుట్టు గట్టిగా ముడి వేసి, గుడ్డ టోపీలో దోపి, దానిపైన హెల్మెట్టు. చున్నీలు, వదులు చొక్కాలు, చెప్పులు పనికిరావు. మూత వుంది కదా అని ముడి మానకూడదు, ముడి వుంది కదా అని మూత మానకూడదు.

ఇక తోలేదెక్కడ? కాలనీ రోడ్లు నున్నగా వున్నాయని అబ్బాయి ఆశపడ్డాడు గాని, రిజిస్ట్రేషను లేని మోటారు బండిని రోడ్డెక్కించకూడదు, అది చట్టం. పైగా అంత కింద కూర్చున్న పిల్లవాడు లారీ డ్రైవరు కంటికి ఆనడు. సూళ్లూరుపేట దగ్గర మా పెదనాన్నగారి అబ్బాయికి రైసు మిల్లుంది. వడ్లు ఆరబోసే సిమెంటు కళ్ళం ఊరి చెరువంత వుంటుంది. "వడ్లు లేనప్పుడు తోలుకోండమ్మా, గోడకు పాత టైర్లు మాత్రం పేర్చుకోండి," అన్నాడు అన్నయ్య. టైర్లు పేర్చాం. మావారు యాక్సిలరేటరు పెడలు కింద ఒక మర బిగించారు, అది అంతకన్నా కిందికి దిగకుండా. అమ్మాయి చెయ్యి తిరిగినకొద్దీ ఆ మర ఒక్కొక్క చుట్టూ వదులు చేస్తూ వచ్చారు.

మొదట బండిని మిల్లులోనే వుంచాం. రెండు వారాలకు అది దగ్గడం మొదలెట్టింది. విప్పి చూస్తే గాలి వడపోసే ఫిల్టరు నిండా ఊక దుమ్ము. మిల్లులో దుమ్ము కంటికి కనిపించదు, ఇంజను మాత్రం దాన్ని పీలుస్తూనే వుంటుంది. సరేనని ఇంటికి తెచ్చుకుంటే ఇక్కడ ఉప్పు. ఒక పక్క సముద్రం, ఒక పక్క పులికాట్, మధ్యలో సరుగుడు తోపుల్లోంచి వచ్చే గాలి. కిటికీ ఊచలు, తాళం కప్పలు, ఆఖరికి గుండుసూదులు కూడా తుప్పు పట్టే వూరు మాది. అక్కడ ఊక, ఇక్కడ ఉప్పు. ఆలోచించి ఉప్పునే ఎంచుకున్నాను. ఉప్పును తుడవవచ్చు, ఊకను ఆపలేం.

ఈ కాపురంలో నేను నేర్చుకున్న వైద్యం చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. బండి తిరిగొచ్చిన సాయంత్రమే మంచినీళ్ళలో పిండిన గుడ్డతో ఒళ్ళంతా తుడవాలి, వెంటనే పొడిగుడ్డతో ఆర్పాలి. గొట్టం పెట్టి నీళ్ళు కొడితే బేరింగుల్లో గ్రీజు కొట్టుకుపోతుంది. చెయినును కిరసనాయిల్లో ముంచిన పాత టూత్‌బ్రష్షుతో తోమి, ఆరాక చెయిను ఆయిలు వేయాలి. వేళ్ళతో ఎత్తి చూస్తే అర అంగుళం ఆడాలి. బిగుసుకుపోతే బేరింగులు అరుగుతాయి, వదులైతే పళ్ళ మీంచి జారుతుంది. ఆ నూనె బ్రేకు పళ్ళెం మీద మాత్రం చుక్క పడకూడదు. ఇంజను ఆయిలు నిలువు చూడకుండా తాళం తిప్పకూడదు. చక్రాల గాలి మరీ ముఖ్యం. కారు చక్రానికి ముప్ఫై చిల్లర పాయింట్లు పడితే దీనికి పది, పదిహేను చాలు. పంక్చరు షాపులో అలవాటు కొద్దీ ముప్ఫై కొడితే బండి బంతిలా ఎగురుతుంది.

పెట్రోలు సంగతి ఇంకొకటి. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు. అది గాలిలో చెమ్మ పీలుస్తుంది. మా వూరి గాలిలో చెమ్మకు కొదవేముంది? అందుకని ఆట ముగిశాక పెట్రోలు కుళాయి కట్టేసి, కార్బురేటరులో వున్నదంతా అయిపోయి ఇంజను దానంతటదే ఆగేదాకా వుంచుతాం. ఎసరు ఇగరనిచ్చి పొయ్యి దించినట్టు.

అన్నిటికన్నా నాకు నచ్చిన చిట్కా నెయిల్ పాలిష్. కార్టుకు స్ప్రింగులు లేవు కనక అదురంతా మరల మీదే పడుతుంది. బిగించిన మరలు తమకు తామే వదులవుతాయి. బిగించాక ప్రతి మర మీంచి పక్కనున్న ఇనుము మీదికి నెయిల్ పాలిష్‌తో సన్నని గీత గీయాలి. మర ఏమాత్రం తిరిగినా గీత విరుగుతుంది. తోలబోయే ముందు స్పానరు అక్కర్లేదు, కళ్ళుంటే చాలు. ముప్ఫై నాలుగు మరలకు అమ్మాయి ఎర్రగా గీతలు గీసి, నంబర్లు వేసి, కాగితం మీద రాసి ఫ్రిజ్జుకు అంటించింది. మావారు చూసి మురిసిపోయారు. వాళ్ళ ఆఫీసు పనంతా ఈ పద్ధతేనట. రాకెట్టు ఎగిరేది ఒక్కసారే. ఎగిరాక దాన్ని తుడిచేదీ, నూనె వేసేదీ వుండదు. దానికి చెయ్యవలసిన సేవంతా ఎగరకముందే చెయ్యాలి. అందుకే అన్నన్ని రోజులు, అన్నన్ని కాగితాలు. మా బండి ఎగరదు గాని ప్రతిసారీ తిరిగి ఇంటికి రావాలి, అదీ తేడా.

ఒక ఆదివారం కళ్ళంలో అబ్బాయి హెల్మెట్టు పెట్టుకుని సీటులో కూర్చున్నాడు. అమ్మాయి కాగితం పట్టుకుని చుట్టూ తిరిగి, ఎడమ వెనక చక్రం దగ్గర ఆగింది. "పంతొమ్మిదో నంబరు గీత విరిగింది. దిగన్నా!" అంది. "వెంట్రుక వాసి తేడాకి ఏం కాదు, ఒక్క రౌండు!" అన్నాడు వాడు. అది వంగి తాళం తీసి జేబులో వేసుకుంది. మావారు స్పానరు పెడితే ఆ మర వేళ్ళతోనే తిరిగింది. ఒక్క రౌండు కాదు, ఒక్క మలుపు చాలు ఆ చక్రం ఊడడానికి. ఎవరం ఏమీ అనుకోలేదు. గొడుగు కింద కుర్చీ వేసుకుని కూర్చున్న అత్తగారు మాత్రం, "ముందు దాన్ని తోలనీ రా అబ్బయ్యా," అన్నారు. ఆ రోజు మొదటి రౌండు అమ్మాయిదే. అప్పటి నుంచీ అదే ఆచారం.

జమాఖర్చుల పుస్తకం మూసేముందు ఒక మాట. కొన్నది 38 వేలకు. మొదటి ఏడాది మూతలకు మూడున్నర వేలు, రెండు హెల్మెట్లకు నాలుగు, వెనక టైర్ల జతకు ఆరు, నూనె, పెట్రోలు, ప్లగ్గు, చెయిను కలిపి మూడున్నర, పద్నాలుగు ఆదివారాలు ట్రాలీ ఆటోకు పద్నాలుగు. మొత్తం 31 వేలు. టైర్లు అంత త్వరగా ఎందుకు అరిగాయంటే, రెండు వెనక చక్రాలూ ఒకే ఇరుసుతో తిరుగుతాయి కనక మలుపులో లోపలి చక్రం నేల మీద ఈడ్చుకుపోతుంది. ట్రాలీ ఆటో ఖర్చు మాత్రం కొనేనాటి లెక్కలో ఎవరికీ గుర్తు రాలేదు. ఎవరైనా కొనాలనుకుంటే, కొన్న ధర పక్కన ఇంచుమించు అంత సొమ్మూ రాసుకుని, అప్పుడు పిల్లలకు మాట ఇవ్వండి.

ఏడుసార్లు ప్రపంచ చాంపియనైన మైకేల్ షూమాకర్ కూడా ఇలాంటి బండి మీదే మొదలుపెట్టాడు. జర్మనీలోని కెర్పెన్‌లో తాపీపని చేసే తండ్రి, పిల్లవాడి పెడలు బండికి చిన్న ఇంజను బిగించి ఇచ్చాడట. కొడుకు ముచ్చట తీర్చడానికి తండ్రి కార్టులు బాగుచేసే పని పట్టుకుంటే, తల్లి ఆ ట్రాక్ క్యాంటీనులో పనిచేసింది. పుస్తకాల్లో కప్పుల లెక్క వుంటుంది గాని, ఆవిడ కాచిన కాఫీల లెక్క ఎక్కడా కనిపించదు. మా పిల్లలు చాంపియన్లు కారు, అవాలనీ లేదు. అబ్బాయి వచ్చే ఏడు హాస్టలుకు వెళతాడు. అమ్మాయి మాత్రం బడిలో సైన్సు ఎగ్జిబిషనుకు సవరం పరీక్ష చూపించి వచ్చింది.

ఇప్పుడు కోతల కాలం. కళ్ళం నిండా వడ్లు. ఏప్రిల్ దాటేదాకా బండికి సెలవు. పెట్రోలు తీసేసి, ప్లగ్గు విప్పి ఆ రంధ్రంలో చెంచాడు నూనె పోసి, చక్రాలు నేలకు ఆనకుండా ఇటుకల మీద ఎక్కించి, నా పాత వెంకటగిరి చీర కప్పాం. గాలి ఆడుతుంది, చెమ్మ నిలవదు. వారానికోసారి అమ్మాయి చక్రాలు చేత్తో తిప్పుతుంది. రేపు సూళ్లూరుపేట నుంచి మావారు తేవలసిన సరుకుల చీటీ రాస్తున్నాను: మినప్పప్పు రెండు కిలోలు, కుంకుడుకాయలు, చెయిను ఆయిలు ఒక డబ్బా, నెయిల్ పాలిష్ ఒక సీసా, ఎరుపు.